కోలారు పసిడి గనులు – దేశముల ఆర్థిక పరస్పరాధీనత

ఒక దేశమున దొరకని వస్తువు వేరొక దేశమున దొరకును. ఒక చోట ధనము నిలువయుండి పని వెదకుచుండును. మరియొక చోట పనివారుండి ధనము లేక యుందురు. వీనిని ఒకదానితో నొకటి కలుపుటయే వర్తకము. ఆ కలయిక నిత్యమై, ఒకరు లేనిదే మరియొకరికి గడవని స్థితి యేర్పడినపుడు దానిని ఆర్థిక పరస్పరాధీనత యందురు. యంత్రవిద్యలో ముందంజ వేసిన దేశములకును, వానిని అందుకొనుటకు యత్నించుచున్న దేశములకును నడుమ ఈ బంధము నేడు మిక్కిలి బలపడినది.

అయితే ఈ పదమున ఒక చిక్కు గలదు. 'పరస్పర' మనగానే ఇరువురును సమానులని తోచును. త్రాసునకు పళ్లెములు రెండున్నంత మాత్రమున అవి సమముగా నిలువవు గదా! ఆ బంధము ఎట్టిదో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేయవలసియుండును. వస్తువు ధరను నిర్ణయించువా రెవరు? పనికి వలసిన విద్య ఎవరి చేతిలో నిలుచును? పని ముగిసిననాడు భారము ఎవరిపై బడును? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములను గ్రంథములలో వెదకనక్కరలేదు. కోలారు బంగారు గనుల చరిత్రమును పరిశీలించిన చాలును. తెలుగు, తమిళ, కన్నడ సీమలు మూడును కలియు ఆ కొద్దిపాటి నేల, నూటయిరువది సంవత్సరములపాటు ప్రపంచ విపణితో ముడిపడి బ్రతికినది.

లండను మూలధనము, కరవు సీమల కూలి

కోలారు ప్రాంతమున బంగారమున్నదని స్థానికులకు పూర్వమునుండియు తెలియును. 1802 లో సర్వే పనిపై వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్, ఊరిగాము, మారికుప్పము పరిసరములలో గ్రామస్థులు మన్ను కడిగి పసిడి రేణువులు తీయుటను చూచి వ్రాసియుంచెను. ఆ పిమ్మట డెబ్బది సంవత్సరములు ఆ వ్రాత కాగితములలోనే నిలిచినది. న్యూజీలాండు యుద్ధములలో పనిచేసి బెంగళూరున స్థిరపడిన మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ అను ఐరిష్ సైనికుడు 1870 దశకమున గని త్రవ్వుటకు అనుమతి సంపాదించెను. అతనికి ఉత్సాహము కలదు గాని ధనము లేదు. హక్కులు చేతులు మారి, తుదకు 1880 నాటికి లండనులోని జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ యజమాన్యమునకు వచ్చినవి.

ఆ సంస్థ అచ్చటికే రావలసిన కారణమేమి? ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో తరతరములుగా సాగిన రాగి, తగరపు గనులు ఆ కాలమున క్షీణించినవి. గనివిద్య తెలిసిన పనివారు అచ్చట పని లేక ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా సీమలకు వలసపోవుచుండిరి. లండనున ధనవంతుల చేత నిలువయున్న ద్రవ్యము వడ్డీ హెచ్చుగా వచ్చుచోటు వెదకుచుండెను. ఇటు దక్షిణ భారతమున 1876–78 సంవత్సరముల మహాక్షామము మదరాసు, మైసూరు సీమలలో లక్షలాది జనులను పొట్టన బెట్టుకొనినది. బ్రతికియున్నవారికి సేద్యముపై ఆశ సన్నగిల్లినది. కావున అటు పని పోయిన గనివాడును, ఇటు పంట పోయిన కూలివాడును కోలారు గనిబావిలో కలిసికొనిరి. ఒక దేశపు క్షీణత, వేరొక దేశపు కరవు, మూడవ చోటి ధనము – ఈ మూడును చేరి ఒక పరిశ్రమ యైనవి.

మొదటి కొన్ని సంవత్సరములు గనులవారికి నష్టమే మిగిలినది. మూలధనము అడుగంటి, గనిని విడిచిపెట్టుదమా యని వాటాదారులు తలపోయుచున్న సమయమున, 1883 ప్రాంతమున కెప్టెన్ ప్లమ్మర్ ఆధ్వర్యవమున మైసూరు గనిలో ఛాంపియన్ సిర యనబడు పసిడి సిర బయటపడినది. ఆ పిమ్మట ఛాంపియన్ రీఫ్, ఊరిగాము, నందిదుర్గము గనులు వరుసగా వృద్ధి చెందినవి. తొలికాలమున టన్ను రాతికి ఔన్సుకు పైబడి బంగారము లభించినది. 1905 లో ఉత్పత్తి పరమావధి నందుకొని, ఆ ఒక్క సంవత్సరమున సుమారు 19 టన్నుల బంగారము వెలువడినది.

పనివారు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు, సేలము, కోలారు ప్రాంతములనుండి వచ్చిరి. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము కుప్పము, పలమనేరు వైపు తెలుగు పల్లెలు ఉత్తర ఆర్కాటులోనివే. తమిళ దళిత కుటుంబములు అత్యధిక సంఖ్యలో గనిలోనికి దిగగా, తెలుగు కుటుంబములు అనేకము వారితోపాటు జీవనము సాగించినవి. మేస్త్రీలు ముందుగా కొంత పైకమిచ్చి పల్లెలనుండి కూలీలను తెచ్చెడివారు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గనులలోని శ్రామికుల సంఖ్య 30,000 ప్రాంతమున నుండెను. కార్న్‌వాలువారు, ఇటాలియనులు, ఆంగ్లో ఇండియనులు పైపదవులలోను, నేర్పరి పనులలోను ఉండిరి. అట్టడుగున, వేడిలో, దుమ్ములో నున్నవారు కూలీలు. దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానము గల వీధులకు 'చిన్న ఇంగ్లండు' అను పేరు వచ్చినది. కూలీలైన్లలోని తడికల ఇండ్లకు అట్టి పేరేదియు రాలేదు.

స్థిరమైన ధర, వెండి కూలి

బియ్యము, పత్తి, చింతపండు – వీని ధర పంటను బట్టి హెచ్చును, తగ్గును. ఆ కాలమున బంగారమునకు మాత్రము ధర మారదు. 1717 లో సర్ ఐజాక్ న్యూటన్ టంకశాలాధిపతిగా నున్న నాటినుండి ఇరువదిరెండు వన్నెల బంగారము ఔన్సుకు 3 పౌండ్ల 17 షిల్లింగుల 10½ పెన్నీలు అను లెక్క ఇంగ్లండున ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున జర్మనీ మొదలైన దేశములు కూడ బంగారమునే ద్రవ్యమునకు ఆధారముగా గైకొన్నవి. నోటు తెచ్చినవానికి బంగారమీయవలసియుండుటచే ఆయా దేశముల బ్యాంకులకు ఎంత పసిడి యున్నను చాలదు. కోలారు బంగారము ఆ కాలమున ఓడలపై లండను చేరి అచ్చటనే శుద్ధి యగుచుండెను. కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, విట్‌వాటర్స్‌రాండు గనులతోపాటు కోలారు గనులు కూడ ఆ వ్యవస్థకు ఇంధనము సమకూర్చినవి.

ఇందులో రెండు మర్మములు గలవు. మొదటిది: కంపెనీకి వచ్చుబడి పౌండ్లలో, అనగా బంగారములో, కూలీలకిచ్చు వేతనము రూపాయలలో, అనగా వెండిలో. 1870 దశకమునందు సుమారు రెండు షిల్లింగులు విలువ చేసిన రూపాయి, వెండి ధర పడిపోవుటచే 1892–93 నాటికి షిల్లింగు మూడు పెన్నీల దరికి దిగినది. కావున అదే రూపాయి కూలికి కంపెనీకి పట్టు వ్యయము పౌండ్లలో నానాటికి తగ్గినది. కూలివాడు మునుపటివలెనే శ్రమించుచుండెను; అతనికి తెలియకయే అతని శ్రమ లండను లెక్కలలో చౌకయైపోయినది. 1893 లో ప్రభుత్వము టంకశాలలలో ప్రజలు తెచ్చు వెండిని నాణెములుగా ముద్రించుట మాని, క్రమముగా రూపాయిని షిల్లింగు నాలుగు పెన్నీలకు, అనగా సవరనుకు పదునైదు రూపాయలకు స్థిరపరచువరకు ఈ లాభము సాగినది.

రెండవ మర్మము దీనికంటె కఠినమైనది. అమ్ముడు ధర మారనపుడు, త్రవ్వుకొలది లోతు హెచ్చి ఖర్చు పెరిగినపుడు, కంపెనీ దేనిని తగ్గింపగలదు? యంత్రము ధర ఇంగ్లండులో నిర్ణయమగును. రాచవాటా ఒడంబడికలో వ్రాయబడియున్నది. మిగిలినది కూలి యొక్కటే. అందువలన కోలారులో కార్మికుల తగవులన్నిటి వెనుక లండను ధర నిలిచియుండెను. 1930 లో కార్మికులందరు వ్రేలిముద్రలు వేసి నమోదు కావలెనని యజమానులు విధించినపుడు గనులన్నియు సమ్మెతో స్తంభించినవి. చదువులేని పేదలకు కూడ ఆ ముద్ర తమ స్వేచ్ఛకు సంకెల యని స్పష్టముగా తెలిసినది. తాము లేనిదే లండను లాభాంశము లేదని వారు గ్రహించిన సందర్భమదియే. పరస్పరాధీనత యందు బలహీనునకు గల బలము ఇట్టిది: అతడు చేయి దించిన, అవతలి పళ్లెము పైకి లేవదు.

కావేరి వెలుగు

మొదటి ప్రశ్నకు సమాధానము కోలారునకు అనుకూలముగా లేదు. రెండవ ప్రశ్న యగు విద్య విషయమున మాత్రము కొంత వేరుగా నడచినది. దానికి కారణము మైసూరు సంస్థానము.

1881 లో బ్రిటిషు కమిషను పాలన ముగిసి మైసూరు మరల రాజవంశమునకు దక్కినది. తీసిన బంగారము విలువలో నూటికి ఐదు వంతులు రాచవాటాగా సంస్థానమునకు వచ్చుచుండెను. తొంబదియైదు వంతులు వెలుపలికి పోవుచుండగా ఐదు వంతులతో తృప్తిపడుట దివాను కె. శేషాద్రి అయ్యరుకు ఇష్టము కాలేదు. గనులకు ఆవిరియంత్రములు నడుపుటకు బొగ్గు, కట్టెలు మిక్కిలి ఖర్చగుచుండెను. చుట్టుపట్ల అడవులు తరిగిపోవుచుండెను. కావేరి శివనసముద్రము వద్ద దుముకుచున్నది. ఆ దుముకును శక్తిగా మార్చి గనులకు అమ్మినచో కంపెనీకి ఇంధనము చౌకయగును, సంస్థానమునకు నిత్యాదాయము వచ్చును.

కెనడాలో జన్మించిన ఇంజనీరు జోలీ డి లోత్‌బినియేర్ ఈ యోజనను సిద్ధపరచెను. విద్యుద్యంత్రములు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థనుండియు, నీటిచక్రములు స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ సంస్థనుండియు వచ్చినవి. శివనసముద్రమునుండి కోలారు గనులకు సుమారు 92 మైళ్లు తీగలు సాగినవి. అంత దూరము విద్యుత్తును కొనిపోవుట ఆనాటికి మిక్కిలి అరుదైన పని. 1902 జూను 30 న గనులకు విద్యుత్తు అందెను. శేషాద్రి అయ్యరు ఆ దినమును చూడలేదు. అంతకు ముందు సంవత్సరమే ఆయన మరణించెను. బెంగళూరు వీధులకు వెలుగు వచ్చినది 1905 లో. అనగా రాజధాని నగరము కంటె ముందు గనిబావికి దీపము వెలిగినది.

వేసవిలో కావేరి ప్రవాహము సన్నగిల్లి గనులకు విద్యుత్తు తగ్గుచుండెను. నీటిని నిలువచేయు జలాశయము అవసరమైనది. 1911 లో ఆరంభమైన కన్నంబాడి ఆనకట్ట, అనగా నేటి కృష్ణరాజసాగరము, ఆ అవసరమును కూడ దృష్టియందుంచుకొని తలపెట్టబడినది. దానిని ముందుకు నడిపిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య, ఆనాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లిలో జన్మించినవాడు. ఆ కుటుంబము పూర్వము తెలుగునాటి మోక్షగుండము గ్రామమునుండి తరలివచ్చినది. పసిడి గనికి కావలసిన నీటిశక్తి కొరకు కట్టిన ఆనకట్ట, మండ్య సీమలో చెరకు పండించినది. గనులు మూతబడినను ఆ ఆనకట్ట నేటికిని నిలిచియున్నది.

ఇందులోని నీతి స్పష్టము. విదేశీ మూలధనము తనంతట తాను కావేరికి ఆనకట్ట కట్టదు. కంపెనీకి అవసరమైన దానిని ప్రభుత్వము తన చేతిలో నుంచుకొని అమ్మినందువలననే ఈ మేలు కలిగినది. బంగారము విషయమున మైసూరు అమ్మకందారు కాదు, వాటా పుచ్చుకొను భూస్వామి మాత్రమే. విద్యుత్తు విషయమున అదియే అమ్మకందారు. ఒక్క బంధములోనే ఒక ముడి వదులుగాను, మరియొక ముడి బిగువుగాను ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ధరలు కదలిన కాలము

1931 సెప్టెంబరు 21 న బ్రిటను బంగారు ప్రమాణమును విడిచినది. ప్రపంచమాంద్యము దేశములన్నిటిని కుదిపివేయుచున్న సమయమది. పౌండు విలువ తగ్గి బంగారము ధర పెరుగుటచే లోతున త్రవ్వుచున్న కోలారు గనులకు ఊపిరి వచ్చినది. అదే గాలి పల్లెలలో వేరు విధముగా వీచినది. పంటకు ధర లేక, శిస్తు కట్టలేక, రైతులు ఇంటి నగలను అమ్ముకొనిరి. ఆ బంగారము బొంబాయి రేవునుండి లండనునకు పోయినది. ఒకే ధర గనికూలికి పని నిలిపెను, రైతు ఇల్లాలి మెడలోని పుస్తెలకు ఎసరు పెట్టెను. 1934 లో అమెరికా ఔన్సుకు 35 డాలర్ల ధర నిర్ణయించెను. 1944 లో బ్రెటన్ వుడ్స్ సభలో ఏర్పడిన వ్యవస్థ దానినే ఆధారముగా గైకొనినది.

1956 లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనినది. 1962 లో అవి కేంద్ర ప్రభుత్వమునకు చెందినవి. 1972 లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. యజమాని మారెను, ధర నిర్ణయించు చోటు మాత్రము మారలేదు. దేశమునకు విదేశీ మారకద్రవ్యము కొఱతగా నున్న ఆ దినములలో గని బంగారము ప్రభుత్వమునకు అంతర్జాతీయ ధరకే చెందుచుండెను. 35 డాలర్ల లెక్కన తులమునకు 62 రూపాయల 50 పైసలు. బజారులో తులము ధర అంతకంటె ఎంతో హెచ్చు. దేశపు ఖజానాకు లాభము, గని లెక్కలలో నష్టము! శ్రామికుడు తెచ్చిన పసిడి దేశపు పరపతిని నిలిపినను, గని మాత్రము 'నష్టజాతకము' అను పేరు తెచ్చుకొనినది. 1971 ఆగష్టు 15 న అమెరికా అధ్యక్షుడు నిక్సను డాలరునకును బంగారమునకును గల లంకెను తెంచివేయగా, ఆ పిమ్మట ధర స్వేచ్ఛగా కదలసాగినది. ఆ నాటికి గనులు బాగుగా లోతునకు పోయినవి.

ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు చేరెను. అచ్చట శిల వేడిమి 60 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడియుండును. పైనున్న బరువునకు రాయి హఠాత్తుగా పగులు శిలాస్ఫోటములు అనేకుల ప్రాణములు గొనినవి. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని శ్వాసకోశవ్యాధి తెచ్చెడిది. లండను లెక్కలలోను, ఢిల్లీ లెక్కలలోను ఈ వ్యయమునకు ప్రత్యేకమగు పద్దు లేదు.

లోతు తెచ్చిన మేలు ఒకటి గలదు. 1965 లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయము కలిసి కోలారు గనియందు రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున పరికరములు నిలిపి, వాయుమండలమున జనించు న్యూట్రినోల జాడను కనుగొన్నవి. అంతటి లోతైన గని మన దేశమున వేరొకటి లేదు. ఇట జరిగిన వినిమయమున నష్టపడినవా రెవ్వరును లేరు. బంగారము ఇచ్చినచో చేయి ఖాళీయగును. విద్య ఇచ్చినచో ఇరువురి చేతను నిలుచును. 1964 లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ గనుల పట్టణముననే కర్మాగారమును నెలకొల్పి, జపానులోని కొమాత్సు మొదలగు సంస్థల సాంకేతిక సహకారముతో మన్ను త్రవ్వు భారీ యంత్రములను తయారుచేయ నారంభించినది. 1988 లో శిలాయాంత్రిక శాస్త్ర పరిశోధనకై ఒక జాతీయ సంస్థ కూడ అచ్చటనే వెలసినది. గని నేర్పిన విద్యలో నిలిచినది ఈ భాగమే.

మూత

1991 లో దేశమునకు విదేశీ మారకద్రవ్యము కొన్ని వారములకు మాత్రమే సరిపడు స్థితి వచ్చినది. ఆ జూలై మాసమున రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను దేశముల కేంద్ర బ్యాంకుల వద్ద కుదువబెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చినది. ఇల్లు గడవనినాడు గృహిణి నగ కుదువబెట్టినట్లే దేశమును చేసినది. ఒకనాడు కోలారునుండి ఓడలలో పోయిన లోహమే మరల అదే దిక్కునకు ప్రయాణమైనది.

1999 మే నెలలో బ్రిటిషు ప్రభుత్వము తన నిలువలోని బంగారమును అమ్మబోవుచున్నట్లు ప్రకటించెను. 2002 వరకు సాగిన ఆ వేలములలో సుమారు 395 టన్నులు అమ్ముడైనవి. ప్రకటనతోనే ధర దిగజారి, ఇరువది సంవత్సరములలో ఎన్నడును లేనంత తక్కువకు చేరినది. ఔన్సు 260, 270 డాలర్ల మధ్య నున్న కాలమున, 2001 ఫిబ్రవరి 28 న, కోలారు గనులు మూతబడినవి. రాతిలోని బంగారము టన్నుకు కొద్ది గ్రాములకు తగ్గియుండెను. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లున్నది స్థితి. కావున మూతకు లండను వేలములే కారణమనుట సరికాదు. అయినను గని కడపటి రోజులలో కూడ దాని జీవనమరణములను తూచిన త్రాసు దూరదేశముననే యుండెనని చెప్పక తప్పదు. చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట, బిసానత్తము గనులు, ఆనాటి అనంతపురము జిల్లాలోని రామగిరి గని కూడ అదే సంస్థవి. అవియు కోలారుతోడనే మూగబోయినవి. 2020 లో ఔన్సు ధర 2,000 డాలర్లు దాటెను. అప్పటికి గనిబావులు నీటితో నిండియున్నవి.

నూటయిరువది సంవత్సరములలో ఆ గనులనుండి వెలువడిన బంగారము మొత్తము సుమారు 800 టన్నులు. 2023–24 ఆర్థిక సంవత్సరము ఒక్కదానిలో భారతదేశము విదేశములనుండి దిగుమతి చేసికొనిన బంగారము సుమారు 795 టన్నులు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. నాలుగు తరముల కూలీలు ప్రాణములొడ్డి పైకి తెచ్చినంత పసిడిని దేశము నేడు ఒక్క సంవత్సరమున కొనుచున్నది. దానికి మూల్యము చెల్లించుటకు సాఫ్టువేరు, మందులు, వస్త్రములు, దూరదేశములలో పనిచేయువారు పంపు సొమ్ము – ఇవి ఆధారములైనవి. ఒకనాడు పసిడి నిచ్చి యంత్రము తెచ్చుకొన్న దేశము, నేడు విద్య నిచ్చి పసిడి తెచ్చుకొనుచున్నది.

అట్లని గనుల పట్టణమునకు ఆ మార్పు ఫలము వెంటనే చేరలేదు. సయనైడుతో కడిగిన రాతిపొడి 13 గుట్టలుగా ఊరిచుట్టు నిలిచియున్నది. గాలి వీచునపుడు ఆ ధూళి ఇండ్లపై బడును. వేలాది యువకులు, స్త్రీలు తెల్లవారుఝామున రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. 1894 లో బంగారము కొరకు బౌరింగుపేటనుండి మారికుప్పమునకు వేసిన రైలుదారి నేడు మనుష్యులను మోయుచున్నది. మూడవ ప్రశ్నకు – పని ముగిసిననాడు భారము ఎవరిది అనుదానికి – సమాధానము ఈ రైలుపెట్టెలలో కానవచ్చును. లాభాంశములు పుచ్చుకొన్నవారు వెడలిపోయిరి. భారము ఊరిపై మిగిలినది.

నరసాపురము నేర్పు పాఠము

గనులు మూతబడిన పిమ్మట కోలారు జిల్లాకు ప్రపంచముతో బంధము తీరిపోలేదు, రూపము మార్చుకొనినది. కోలారు పట్టణమునకు అనతిదూరమున నున్న నరసాపురము పారిశ్రామిక వాడలో 2013 లో జపానుకు చెందిన హోండా సంస్థ ద్విచక్రవాహనముల కర్మాగారమును తెరచినది. తరువాత తైవానుకు చెందిన విస్ట్రాన్ సంస్థ అచ్చటనే అమెరికా కంపెనీ యైన ఆపిల్‌కు ఐఫోనులు కూర్చు కర్మాగారమును పెట్టెను. రూపకల్పన అమెరికాలో, భాగములు తూర్పు ఆసియా దేశములలో, కూర్పు కోలారులో – ఒక చిన్న యంత్రమున ఇన్ని దేశములు ఇమిడియున్నవి.

2020 డిసెంబరు 12 న ఆ కర్మాగారమున వేతనముల విషయమై పొగలుచున్న అసంతృప్తి హింసగా చెలరేగినది. కొందరు కార్మికులకు వేతనము సక్రమముగా, సకాలమున అందలేదని కంపెనీయే అంగీకరించి క్షమాపణ చెప్పెను. ఆపిల్ సంస్థ ఆ కంపెనీకి క్రొత్త పనులిచ్చుట నిలిపివేసి, లోపములు సవరింపుమనెను. 2023 లో టాటా సంస్థ ఆ కర్మాగారమును కొనినది. 1930 నాటి వ్రేలిముద్రల తగవునకును దీనికిని తొంబది సంవత్సరముల దూరమున్నను, పోలిక స్ఫుటముగా నున్నది. రెండు సందర్భములలోను కొనువాడు దూరమున, పనివాడు చెంత, నడుమ గుత్తేదారు. ఒక భేదము మాత్రము గమనింపదగినది. నాటి లండను వాటాదారునికి కూలీలైన్ల దుస్థితి తెలియవలసిన అగత్యము లేదు. నేటి కంపెనీకి తన పేరు చెడునను భయము గలదు. వార్త క్షణములో దేశములు దాటును. బలహీనుని చేతి కిది క్రొత్తగా వచ్చిన ఆయుధము.

ఫలితార్థము

పరస్పరాధీనతను వలదని త్రోసిపుచ్చుట సాధ్యము కాదు, మేలును కాదు. విదేశీ ధనము, విదేశీ విద్య రాకున్న కోలారునకు 1902 లో విద్యుత్తు వచ్చియుండదు. అట్లే కళ్లు మూసికొని దానిని ఆహ్వానించుటయు తగదు. కోలారు అనుభవమునుండి మూడు సూత్రములు తేలుచున్నవి. మొదటిది, ముడివస్తువు నొకదానినే అమ్ము సీమ ధరపై హక్కు లేనిదగును. కావున పరులకు కావలసిన మరియొక వస్తువును, కావేరి విద్యుత్తువలె, తన చేతిలో నుంచుకొనవలెను. రెండవది, పనితో పాటు విద్యను అడిగి పుచ్చుకొనవలెను. పని పోయినను విద్య నిలుచును. మూడవది, పని సాగుచున్న దినములలోనే, అది ఆగిపోవు దినమునకై కొంత ధనము కేటాయింపవలెను. గని శాశ్వతము కాదని త్రవ్విన మొదటి దినముననే తెలియును. అయినను నూటయిరువది సంవత్సరములలో ఆ ఊరికొరకు అట్టి నిధి యొకటి నిలువచేయబడలేదు.

నరసాపురము దారిన నేడు యువతీయువకులు వేలాదిగా కర్మాగారములకు పోవుచున్నారు. వారిలో గనికూలీల మనుమలు, మనుమరాండ్రును గలరు. వారి తాతలకు రాని హక్కులు, చదువు వారికి గలవు. కర్మాగారము తెరచుటకు పిలుపు వచ్చిననాడే, ధర ఎవరిది, విద్య ఎవరిది, తుదిభారము ఎవరిది యని అడుగగల ధైర్యము పంచాయతీలకు, కార్మిక సంఘములకు, శాసనసభకు అలవడవలెను. ఆ ప్రశ్నలు ముందుగా అడిగిన సీమకు పరస్పరాధీనత చేయూత యగును. అడుగని సీమకు అది, గుట్టగా మిగిలిన రాతిపొడి వంటిది.